పబ్బుల రాత్రి గురించి ఇంగ్లండులోని తెలుగు క్రికెట్ క్లబ్బుల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు, కెప్టెన్లకు నమస్కారం.

శని, ఆదివారాలు ఇంట్లో మాటలు పడుతూ గ్రౌండు బుక్ చేసేది మీరే, వానలో కవర్లు లాగేది మీరే, చందా బాకీల కోసం మా వెంట పడేదీ మీరే. మీరు లేకపోతే మాకు ఆట లేదు. ఈ మాట మనస్ఫూర్తిగా చెప్పి విషయంలోకి వస్తాను: మన పబ్బుల రాత్రి, అంటే సభ్యులం అందరం కలిసి తాగుతూ ఒక పబ్బు నుంచి ఇంకో పబ్బుకు తిరిగే రాత్రి.

రెడింగ్ దగ్గర ఒక తెలుగు క్లబ్బులో ఆరు సీజన్లుగా నేను కీపర్‌ని. క్లబ్బు పేరు రాయడం లేదు. రాస్తే ఇది ఒక్క క్లబ్బు గొడవ అయిపోతుంది. స్లౌలో, మిల్టన్ కీన్స్‌లో ఆడే మిత్రులకు చెబితే "మా దగ్గరా ఇంతే" అని నవ్వారు. ఆ నవ్వు చూశాకే అందరికీ రాయాలనిపించింది. నిరుడు ఆ రాత్రి జరిగింది మా కార్యవర్గానికి వారం తిరక్కుండా ఈమెయిల్లో రాశాను. జవాబు రాలేదు. అక్టోబరు సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టమని అడిగితే ఎజెండాలో జాగా లేదన్నారు. అదే ఎజెండాలో కొత్త జెర్సీ కాలరు రంగు మీద నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. వాట్సాప్ గ్రూపులో అడిగితే రెండు బొటనవేళ్ళ బొమ్మలు, "డ్రామా వద్దు బ్రో" అని ఒక మాట వచ్చాయి. మొన్న ఈ ఏడాది పోస్టరు వచ్చింది: పబ్ గోల్ఫ్, తొమ్మిది పబ్బులు, తొమ్మిది హోల్స్, ఒక్కో పబ్బులో ఒక్కో డ్రింకు ఎన్ని గుక్కల్లో ముగించాలో పక్కనే లెక్క. అందుకే ఈ లేఖ.

ముందే ఒక మాట. నేను తాగుతాను. నెట్స్ అయ్యాక ఒక చల్లటి బీరు తాగితే కలిగే సుఖం నాకూ తెలుసు. పబ్బుల మీద నాకు కోపం లేదు. ఈ దేశంలో క్రికెట్టూ పబ్బూ ఒకే గడపలో పెరిగాయి. పద్దెనిమిదో శతాబ్దంలో పేరు మోసిన హాంబుల్డన్ క్లబ్బు కెప్టెన్ రిచర్డ్ నైరెన్, గ్రౌండు ఎదురుగా ఉన్న బ్యాట్ అండ్ బాల్ సత్రాన్ని తానే నడిపేవాడు. చిల్టర్న్ కొండల్లో, చెట్ల మధ్య, దూలాలు తలకు తగిలే ఆ పాత పబ్బుల్లో కూర్చోవడం నాకిష్టం. నా గొడవంతా అక్కడికి మనవాళ్ళను తీసుకెళ్ళే తీరు గురించీ, అక్కడినుంచి తీసుకురాని తీరు గురించీ.

2025 సెప్టెంబరు చివరి శనివారం. హెన్లీ అవతల ఊళ్ళల్లో ఆరు పబ్బులు, పద్నాలుగు మందిమి. సాయంత్రం అయిదుకు మొదలు. నా కారులో నాతో కలిపి అయిదుగురు, ఇంకో సభ్యుడి కారులో అయిదుగురు, మిగతా నలుగురికి క్యాబ్. ఆ రాత్రి కారు నాది కాబట్టి నేను ముట్టుకోలేదు. రెండో కారు అన్నయ్య మొదటి పబ్బులో ఒక పైంటు (అర లీటరు పైచిలుకు బీరు), మూడో పబ్బులో ఒక పైంటు తాగి "రెండే కదా" అన్నాడు.

చివరి పబ్బు కొండ మీద ఒక చిన్న ఊళ్ళో. చర్చి, పాతిక ఇళ్ళు, ఈ పబ్బు, అంతే. పదకొండుకు గంట కొట్టి చివరి ఆర్డర్లన్నారు. పదకొండున్నరకు బయట నిలబడితే తిరుగు క్యాబ్ రద్దయిందని మెసేజి. సిగ్నలు ఒక గీత, ఉండీ లేనట్టు. ఇంకో రెండు కంపెనీలకు ఫోను చేస్తే ఆ సమయంలో ఆ ఊరికి రామన్నారు. ఆ ఊరి ఆఖరి బస్సు పొద్దుగూకక ముందే వెళ్ళిపోయింది. ఒకణ్ణి రెండో కారులో ఇరికించారు, అయిదుగురి కారులో ఆరుగురు. మిగిలిన ముగ్గురూ విద్యార్థులే. నిరుడు జనవరిలో వచ్చినవాళ్ళు, పెద్దవాడికి ఇరవై నాలుగేళ్ళు. "మీరు మెల్లగా నడుస్తూ ఉండండి తమ్ముళ్ళూ, వీళ్ళను దింపేసి వచ్చి ఎక్కించుకుంటాం" అని చెప్పి బయల్దేరాం. ఆ "అం"లో నేనూ ఉన్నాను. దాన్ని దాచను.

నా కారులోవాళ్ళను హెన్లీలో దింపి తిరిగి వచ్చేసరికి ముప్పావు గంట. ఆ దారి మీకు తెలియనిది కాదు. రెండువైపులా మనిషెత్తు పొద కంచె, ఒక కారున్నర వెడల్పు, కాలిబాట లేదు, దీపం లేదు. వేరే బోర్డు లేకపోతే అలాంటి రోడ్డు మీద కార్లకు గంటకు 60 మైళ్ళ దాకా అనుమతి, అంటే మన లెక్కలో 96 కిలోమీటర్లు. నేను ముప్పై మీద వస్తున్నాను. మలుపు తిరగ్గానే లైట్ల వెలుగులో ఒక పసుపు జాకెట్ మెరిసింది. బ్రేకు వేశాను. కారు ఆగాక, ఆ జాకెట్‌కు ఇటువైపు, అంటే నాకు ఇంకా దగ్గరగా, ఇద్దరు ఉన్నారని కనిపించింది. నల్ల హూడీలు. మన క్లబ్బు హూడీలే. వీపు మీద మన పేరు ముదురు బూడిద రంగులో, స్టయిలుగా ఉంటుందని మనమే ఎంచుకున్నది. రోడ్డుకు తమ ఎడమ అంచున, వెనకనుంచి వచ్చే బండికి వీపు తిప్పి నడుస్తున్నారు. కాలిబాట లేనిచోట కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనబడేలా నడవాలని ఈ దేశపు హైవే కోడ్ రెండో నియమం. వాళ్ళకెవరు చెప్పారు? మన ఊళ్ళో ఎడమవైపే నడిచి పెరిగాం కదా.

ఆ పసుపు జాకెట్ పబ్బు నడిపే పెద్దావిడది. తలుపులు మూస్తూ కుర్రాళ్ళు చీకట్లోకి నడవడం చూసి, వెనకాల వచ్చి, తన కుక్కను తిప్పడానికి వేసుకునే జాకెట్ వెనకున్నవాడికి తొడిగి వెళ్ళిందట. ముక్కూమొహం తెలియని ఆవిడకు తట్టింది, పద్నాలుగు మందిలో ఒక్కడికీ తట్టలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే మీరు దీన్ని "జరిగిందేదో జరిగింది" అంటున్నారు. ఏమీ కాకపోయినా ఎవరెవరి మీద ఏమేం పడిందో వరసగా చెబుతాను.

1. రౌండ్ల లెక్క. నాలుగో పబ్బులో రౌండు, అంటే అందరి డ్రింకులూ ఒక్కడే కొనే వంతు, పై ముగ్గురిలో ఒకడికి వచ్చింది. బిల్లు 61 పౌండ్లు. వాడు ఆ రాత్రంతా తాగింది లైమ్ సోడా. అప్పటి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు, అంటే ఆ ఒక్క బిల్లు వాడికి అయిదు గంటల పని. విద్యార్థి వీసా మీద చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయనిస్తారు. వారం సంపాదనలో పావు వంతు, వాడు ముట్టని బీరుకు పోయింది. కార్డు పెడుతున్నప్పుడు వాడి మొహం చూశాను. ఫోనులో బ్యాంకు యాప్ తెరిచి, బ్యాలెన్సు చూసుకుని, మళ్ళీ మూసి, నవ్వుతూ కార్డు ఆనించాడు. అన్నలు కొనిపెట్టినప్పుడు తను కొనకపోతే ఏమనుకుంటారోనని. మన సంపాదన వేరు, వాళ్ళ సంపాదన వేరు. ఆ తేడా తెలియనంత కొత్తవాళ్ళమా మనం?

2. తాగనివాడి మీద పెత్తనం. 2021 నవంబరు 16న యార్క్‌షైర్ మాజీ క్రికెటర్ అజీమ్ రఫీక్ బ్రిటిష్ పార్లమెంటరీ కమిటీ ముందు కూర్చుని, పదిహేనేళ్ళప్పుడు తన స్థానిక క్లబ్బులో తనను కదలకుండా పట్టుకుని నోట్లో రెడ్ వైన్ పోశారని చెప్పాడు. ఆ వీడియో మన గ్రూపులో ఎన్నిసార్లు తిరిగిందో గుర్తుందా? ఎంత ఆవేశపడ్డాం! ఇంగ్లిష్ క్రికెట్‌లో సమానత్వం మీద వేసిన స్వతంత్ర కమిషన్ 2023 జూన్‌లో ఇచ్చిన నివేదిక కూడా, తాగుడు చుట్టూ తిరిగే క్లబ్బు అలవాట్లు కొందరిని ఆటకు దూరం చేస్తున్నాయని చెప్పింది. అదీ పంచుకున్నాం. తర్వాత మన పబ్బుల రాత్రి ఏం చేశాం? క్యాచ్ వదిలినవాడికి "పెనాల్టీ షాట్", అంటే శిక్షగా ఒక్క గుక్కలో మందు. తాగనంటే "అమ్మకు ఫోన్ చేసి పర్మిషన్ అడగమంటావా" అని ఎగతాళి. అయిదో పబ్బులో ఒకడి కోక్‌లో వాడికి తెలియకుండా వోడ్కా కలిపారు, సరదాకట. ఈ దేశంలో అది సరదా లెక్కలోకి రాదు, నేరం. నోరు పట్టి పోయలేదు కాబట్టి మనం వేరు అనుకోకండి.

3. "రెండే కదా." ఇంగ్లండు, వేల్స్‌లో బండి నడిపేవాడి శ్వాసలో ఆల్కహాలు పరిమితి 100 మిల్లీలీటర్లకు 35 మైక్రోగ్రాములు. స్కాట్లండులో 2014 డిసెంబరు నుంచి 22. ఎన్ని పైంట్లు తాగితే ఆ గీత దాటుతామో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఒంటిని బట్టి, తిన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ అన్నయ్య గీత దాటాడో లేదో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు, వెనక సీట్లో బెల్టు లేకుండా ఇరుక్కున్నవాడికి అసలే తెలియదు. దొరికితే కనీసం ఏడాది లైసెన్సు పోతుంది, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు, జరిమానాకు పై హద్దు లేదు. మనబోటి వాళ్ళకు ఇంకొకటి కలుపుకోండి: వీసా పొడిగింపు దరఖాస్తులో నేరశిక్షల గడి ఉంటుంది, పౌరసత్వం అడిగితే నడవడి పరీక్ష ఉంటుంది. అయిదేళ్ళు స్కిల్డ్ వర్కర్ వీసా మీద పళ్ళు బిగబట్టి, ఇంటి లోను తీసుకుని, పిల్లల్ని బడిలో వేసినవాడు రెండు పైంట్ల మీద వాటన్నిటినీ పందెం కాస్తున్నాడు.

4. మర్నాటి పొద్దున. దీని గురించి ఎవరూ మాట్లాడరు, కాబట్టి కొంచెం లెక్క చెప్పనివ్వండి. ఈ దేశంలో ఆల్కహాలును యూనిట్లలో కొలుస్తారు; 5.2 శాతం బీరు ఒక పైంటు అంటే మూడు యూనిట్లు. అయిదు పైంట్లకు పదిహేను. చివర్లో 25 మిల్లీలీటర్ల షాట్లు రెండు, ఇంకో రెండు యూనిట్లు. మొత్తం పదిహేడు. ఒళ్ళు సగటున గంటకు ఒక యూనిట్ చొప్పున అరిగిస్తుంది. సాయంత్రం అయిదు నుంచే లెక్కేసినా పదిహేడు గంటలంటే మర్నాడు పొద్దున పది. ఆదివారం పదిన్నరకు మన పిల్లల జట్టుకు పతకాలు ఇచ్చే కార్యక్రమం పెట్టింది మీరే. సరిగ్గా ఇంత తాగిన ఒక కోచ్ అన్న తొమ్మిదిన్నరకు కారులో ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని వచ్చాడు. ఒకడు ఆయన కొడుకు, ఒకడు పక్కింటివాళ్ళ అబ్బాయి. స్నానం చేశాడు, కాఫీ తాగాడు, చూయింగ్ గమ్ నములుతున్నాడు. వీటిలో ఏదీ యూనిట్లను తగ్గించదు. ఆ పక్కింటివాళ్ళు మనల్ని నమ్మి పిల్లాణ్ణి పంపారు.

5. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు. పన్నెండు నలభైకి నాకు ఒక చెల్లెమ్మ ఫోను చేసింది, మా ఓపెనర్ భార్య. ఆయన లొకేషన్ గంటన్నరగా ఒక పొలం మధ్యలో ఆగిపోయి ఉందట. చంకలో ఏడుస్తున్న పసిబిడ్డ గొంతు నాకు వినబడుతోంది. సిగ్నలు లేక ఆగిందమ్మా అని చెప్పాను. నిజమే చెప్పాను, కానీ నా గొంతు నాకే నమ్మకంగా లేదు. అమ్మా నాన్నా అత్తా మామా ఎవరూ పక్కన లేని దేశంలో, కారు నడపడం రాని ఆ అమ్మాయి ఆ రాత్రి ఎవరిని లేపాలి?

6. ఇక నా కారు సంగతి. వెనక సీటు కడిగించడానికి 85 పౌండ్లయ్యాయి. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. చాలా రోజులు ఏలకుల వాసన వేసుకుని తిరిగాను. ఇది చిన్న విషయమే, కానీ ప్రతి క్లబ్బులో ఇలాంటివాడు ఒకడుంటాడు: తాగడు, లేదా ఆ రాత్రికి మానుకుంటాడు, అందర్నీ మోస్తాడు, మర్నాడు "నువ్వు లేకపోతే ఏమయ్యేదో మామా" అనిపించుకుంటాడు. వాడొక ఏడాది రానంటే ఏమవుతుందో ఆలోచించారా?

ఇన్ని చెప్పాక నేను అడిగేవి పెద్దవేమీ కావు. సెప్టెంబరులోపు, ఈ పోస్టరు మీద చెల్లింపులు మొదలవక ముందు, సభ్యులకు రాతపూర్వకంగా జవాబివ్వండి.

1. డ్రైవరుతో సహా మినీబస్సు మాట్లాడండి. రానూ పోనూ డబ్బు ముందే కట్టండి. మనలో ఎవరో ఒకరు నడుపుతారులే అనకండి. ఇండియా లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టాక పన్నెండు నెలలే చెల్లుతుంది, కారు లైసెన్సుతో మినీబస్సు నడిపే హక్కు 1997 తర్వాత తీసుకున్నవాళ్ళకు దానంతటది రాదు. పద్నాలుగు మంది పంచుకుంటే తలకు పడేది ఒక రౌండు ఖర్చు కన్నా తక్కువే. బస్సు దొరకని ఊరైతే ఆ ఊరు వద్దు. పబ్బులు తగ్గించండి, రెండు చాలు. ఒకచోట కూర్చుని అన్నం తిందాం, కబుర్లు చెప్పుకుందాం. తొమ్మిది పబ్బులు తిరిగితే ఒక్కదాని మొహమైనా గుర్తుంటుందా?

2. వెళ్ళిన ప్రతి మనిషీ ఇల్లు చేరాడని తెలిసేదాకా కార్యవర్గంలో ఒకరు తాగకుండా, పేర్ల జాబితా చేతిలో పట్టుకుని ఉండాలి. కార్యవర్గంలోవాళ్ళే. కొత్త కుర్రాడి మీదకు తోయకండి. మ్యాచ్‌కు పదకొండు పేర్లు రాసుకుంటాం, ఓవర్లు లెక్కపెడతాం, వైడ్లకు కూడా లెక్క ఉంది. మనుషులకు ఉండాలి కదా.

3. రౌండ్లు బంద్. ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి. లేదా క్లబ్బు కిట్టీ (అందరి ఉమ్మడి డబ్బు) పెడితే విద్యార్థులకు అందులో వాటా ఉండకూడదు, తాగనివాళ్ళ వాటా వాళ్ళు తాగిన సోడా మేరకే. మంచినీళ్ళు అడిగితే ఏ పబ్బయినా పంపునీళ్ళు డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి, లైసెన్సు షరతుల్లోనే ఉంది. అడగడానికి సిగ్గుపడకండని మీరే ముందు ఒక గ్లాసు అడిగి చూపించండి.

4. పెనాల్టీ షాట్లు, గుక్కల పందేలు, పబ్ గోల్ఫ్ పూర్తిగా మానేయాలి. పోస్టరు వెనక్కి తీసుకోవాలి. అప్పటికే మత్తులో ఉన్న మనిషికి పబ్బులో మందు అమ్మడం 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం నేరం, తెలిసి అలాంటివాడి కోసం కొనిపెట్టడమూ నేరమే. ఆ ఆటను పెట్టిన క్లబ్బు పేరు మీద ఏదైనా అయితే, సంతకాలు మీవి.

5. గ్లాసులో కలిపినవాడు ఎవరో మీకు తెలుసు, నాకు తెలుసు. వాడు ఆ కుర్రాడికి అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. వచ్చే సీజను మొదటి నాలుగు మ్యాచ్‌లు వాణ్ణి కూర్చోబెట్టాలి. వాడు మన ప్రధాన బౌలరని నాకు తెలుసు. కీపింగ్ చేసేది నేనే కదా.

6. పిల్లల కార్యక్రమాలు ఆ మర్నాడు పెట్టకండి. పెట్టక తప్పకపోతే మధ్యాహ్నం రెండు తర్వాత పెట్టండి. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు ముందురోజు తాగనివాళ్ళయి ఉండాలి.

7. హూడీ రంగు మార్చండి, లేదా వీపు మీద, చేతుల మీద వెలుగుకు మెరిసే పట్టీ వేయించండి. కొత్త జెర్సీల ఆర్డరు ఇంకా ప్రింటుకు వెళ్ళలేదని కోశాధికారి గారు చెప్పారు. కాలరు రంగు మీద పెట్టిన నలభై నిమిషాల్లో అయిదు దీనికి ఇస్తే చాలు.

వేరే క్లబ్బుల కార్యవర్గాలకు: మీ దగ్గర ఇవన్నీ ఇప్పటికే ఉంటే సంతోషం, ఎలా చేస్తున్నారో మాకు చెప్పండి. లేకపోతే మీ సభ్యులు మీకు ఇలాంటి ఉత్తరం రాసేదాకా ఆగకండి. రాయడం తేలిక కాదు. ఇది రాస్తున్నానని తెలిసి ఇద్దరు స్నేహితులు నాతో మాట్లాడటం తగ్గించారు. "ఇంటి గుట్టు బయట పెడతావా" అన్నాడొకడు. నిరుడు అక్టోబరు నుంచి ఇంట్లోనే అడుగుతున్నాను.

ఈ ఏడాదీ ఆ కొండ మీది పబ్బుకు వెళ్ళేట్టయితే మినీబస్సులో నాకొక సీటు ఉంచండి. ఆ పెద్దావిడ జాకెట్ ఉతికి, మడత పెట్టి మా తలుపు వెనకాల తగిలించి ఉంది. ఇచ్చి రావాలి.

ఇట్లు,
మీ క్లబ్బులోనే ఉన్న ఒక వికెట్ కీపర్,
రెడింగ్